నాన్న మొక్కిన పీర్లకు నేనూ మొక్కాలా?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం జిల్లాలో గూగూడుకు దగ్గర పల్లె. పెళ్లయ్యాక హైదరాబాదులో ఉంటున్నా. మేము హిందువులమే, కానీ మా పుట్టింట్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కనే గూగూడు పీరు కుళ్లాయిస్వామి పటం ఉండేది. అమ్మకు నా ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారంట. మా జేజి, అంటే నాన్నమ్మ, కుళ్లాయిస్వామికి మొక్కుకున్నాక 1984లో నేను పుట్టి బతికాను, అందుకే నాకు స్వామి పేరే పెట్టారు. నాన్న ప్రతి మొహర్రానికీ ఫకీరు దారం కట్టుకుని, మాంసం మానేసి, నేలమీద పడుకుని నిష్ఠగా ఉండేవాడు. పోయిన ఏడాది నాన్న చనిపోయాడు. మైల అని ఆ ఏడు పీర్ల పండక్కి ఎవరమూ పోలేదు. స్వామికి బాకీ పడ్డామని అమ్మకు ఒకటే దిగులు.

ఇక్కడ మా బావగారు, అంటే మా ఆయన అన్న, "తురకల పండగ మనకెందుకు, ఆ పేరు కూడా గెజిట్‌లో మార్పించుకో" అని నలుగురిలో అన్నారు. మా ఆయన "నీ ఇష్టం, ఇంట్లో గొడవ మాత్రం వద్దు" అంటారు. ఆఫీసులో నా పక్క సీటు ముస్లిం అమ్మాయికి చెబితే, మర్యాదగానే, "మా మతంలో పీర్లకు మొక్కడం ఒప్పుకోరు, అది తప్పు" అంది. తొమ్మిదో తరగతి చదివే మా బాబు "అమ్మా, మనం ఎవరం అసలు?" అని అడుగుతున్నాడు. నిజం చెప్పాలంటే నాకు నాన్నకున్నంత నమ్మకం లేదు. కానీ మానేస్తే బాబుకు ఏమన్నా అవుతుందేమోనని భయం. ఏం చేయమంటావు?

సమాధానం:

చెల్లీ, బావగారి మాటల గురించి వివరంగా రాశావు, ఆఫీసులో అమ్మాయి గురించి రాశావు, బాబు గురించి రాశావు. నమ్మకం లేదు, భయం ఉంది అన్న రెండు ముక్కలు మాత్రం చివర్లో గబగబా రాసి ఆపేశావు. నాకు మిగతా వాటికంటే అవే పెద్దగా కనిపించాయి, అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

ముందు మీ జేజి గురించి ఆలోచిద్దాం. నువ్వు పుట్టిన ఆ కాలంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో దాదాపు వందమంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు, ఆసుపత్రి దూరంగా ఉన్న పల్లెల్లో ఇంకా ఎక్కువ. విరేచనాలతో, జ్వరంతో, పుట్టగానే ధనుర్వాతంతో. ఇద్దరు మనవళ్లను అలా పోగొట్టుకున్న ముసలామె, కోడలు మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు ఏం చేయగలదు? తనకు తెలిసిన దేవుళ్లందరిలో ఎవరు దగ్గర్లో ఉన్నారో, ఎవరి దగ్గరికి నడిచి పోగలదో ఆ స్వామి కాళ్లు పట్టుకుంది. ఆమెకు అది ఏ మతం దేవుడన్న ప్రశ్నే వచ్చి ఉండదు. నువ్వు స్వామి దయవల్ల బతికావా, టీకాల వల్లా అమ్మ జాగ్రత్త వల్లా బతికావా అన్నది నువ్వు ఎలాగైనా అనుకోవచ్చు, అందులో నీ మీద బలవంతం లేదు. నువ్వు బతకాలని ఆమె పడిన ఆరాటం మాత్రం నిజం, దాన్ని నమ్మడానికి దైవభక్తి అక్కర్లేదు కదా.

ఇక భయం సంగతి. అమ్మకు ఫోన్ చేసి ఒక్క విషయం అడుగు: జేజి ఏమని మొక్కుకుంది? ఉన్నదున్నట్టు, ఆ మాటలు ఏవో అడుగు. మన వైపు పాతవాళ్లు మొక్కుకునేటప్పుడు చాలా కచ్చితంగా మొక్కుకునేవాళ్లు. బిడ్డ బతికితే నీ పేరు పెడతాం, మూడేళ్లు వరసగా నీ దగ్గరికి తీసుకొస్తాం, బిడ్డ ఎత్తు బెల్లం చదివిస్తాం, ఇలా ఉంటుంది. కూలీనాలీ చేసుకునే ఇంట్లో మనుషులకు ఏది తీర్చగలరో ఏది తీర్చలేరో తెలుసు, అందుకే మా ముని మనవళ్లు కూడా వస్తారు అని ఎవరూ మాట ఇవ్వరు. నాకు తెలిసినంతవరకు ఇలాంటి మొక్కులు నూటికి తొంభై బిడ్డకు ఐదారేళ్లు వచ్చేసరికి తీరిపోతాయి. మీ ఇంట్లో కూడా అలాగే అయి ఉంటుంది. ఒకవేళ ఏదైనా మిగిలి ఉందని అమ్మ అంటే, అది ఏ ఐదు కిలోల చక్కెరో ఏదో అయి ఉంటుంది, తీర్చేయండి. నీకు నమ్మకం లేకపోయినా తీర్చు. అది జేజి ఇచ్చిన మాట కాబట్టి.

అది తెలిసిపోయాక నీకు ఒక సంగతి అర్థమవుతుంది. మొక్కు తీరిన తర్వాత కూడా మీ నాన్న ఇన్నేళ్లు ఫకీరు దారం కట్టుకున్నాడంటే, ఎవరూ అడక్కుండా, బాకీ లేకుండా చేశాడు. సంతోషంతో చేశాడు. కూతురు బతికి, చదువుకుని, పట్నంలో ఉద్యోగం చేసుకుంటోందన్న సంతోషం ఆయనకు ఏడాదికోసారి చెప్పుకోవాలనిపించింది, చెప్పుకోవడానికి ఆ స్వామి ఉన్నాడు. అలాంటి మనిషి చేసిన పూజను నువ్వు భయంతో కొనసాగిస్తే ఆయన చేసినదానికీ నువ్వు చేసేదానికీ పోలికే ఉండదు. బాబుకు జ్వరం వచ్చిన ప్రతిసారీ పీర్ల పండక్కి పోలేదు కాబట్టే అని లెక్కలు వేసుకోవడం మొదలైందనుకో, రేపు ఆ భయం వాడికీ అంటుకుంటుంది, వాడు పెద్దయ్యాక నీకంటే గట్టిగా భయపడతాడు, లేదంటే అంతా విసిరికొట్టి వెళ్లిపోతాడు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. దానికీ గూగూడుకూ ముడి పెట్టకు.

అయితే వెళ్లాలా మానాలా అంటావు. నీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాను, అందులో రాని ఒక వాక్యం ఇది: "పీర్లు మా వీధిలోకి వచ్చేటప్పుడు తప్పెట్ల సద్దు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది." నమ్మకం లేని మనిషి రాసే మాట కాదని నేను అనను, నమ్మకం లేనివాళ్లకు కూడా అలా అవుతుంది. కానీ ఏ సంబంధమూ లేని మనిషి రాసే మాట మాత్రం కాదు. నీకు వెళ్లాలని ఉంది చెల్లీ. ఎవరైనా "వెళ్లొచ్చు" అంటే బాగుండని ఉంది. వెళ్లు. నాన్నలాగా దారం కట్టుకుని దీక్ష చేయాల్సిన పని లేదు, మనసులో లేని భక్తిని పైకి తెచ్చుకోవాల్సిన పని అంతకంటే లేదు. చక్కెర చదివించు, అందరితోపాటు నిలబడు, నాన్నను తలుచుకో, వచ్చేయి. కళ్లు మూసుకుంటే ఏమీ అనిపించకపోతే ఏమీ అనిపించలేదని నీకు నువ్వు ఒప్పుకో. ఆ పీర్ల చావిడి ముందు నిలబడ్డ వేలమందిలో నీలాంటివాళ్లు నువ్వనుకున్నదానికంటే ఎక్కువే ఉంటారు.

ఇక బాబు అడిగిన ప్రశ్న. తొమ్మిదో తరగతి పిల్లవాడు, చరిత్ర పాఠాలు చదువుతున్నాడు, వాడికి సగం సగం చెబితే ఇంకెక్కడో తప్పుగా నేర్చుకుంటాడు. పండగ వెనక ఉన్న కథ మొత్తం చెప్పు. క్రీ.శ. 680లో, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న కర్బలా అనే చోట, మహమ్మద్ ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్‌ను, ఆయన వెంట ఉన్న సుమారు 72 మందిని, యజీద్ అనే పాలకుడి సైన్యం చుట్టుముట్టి చంపింది. యజీద్‌ను ఖలీఫాగా ఒప్పుకుంటూ మాట ఇమ్మంటే హుస్సేన్ ఇవ్వలేదు, అదీ కారణం. యూఫ్రటీస్ నది పక్కనే ఉన్నా వాళ్లకు నీళ్లు అందకుండా చేశారు. పిల్లలు దాహంతో అల్లాడుతుంటే నీళ్లు తేవడానికి వెళ్లిన అబ్బాస్ రెండు చేతులూ నరికేశారని చెబుతారు. మన ఊళ్లలో పంజా ఆకారంలో ఉండే పీర్లు ఆ అబ్బాస్ చేతికి గుర్తని కొందరు, ప్రవక్త ఇంటిలోని ఐదుగురికి గుర్తని కొందరు అంటారు. మొహర్రం రోజుల్లో ఊళ్లో పానకం, షర్బత్ ఎందుకు పంచుతారో బాబుకు అప్పుడు తెలుస్తుంది. ఇంతకాలం వాడు చూసింది తప్పెట్లూ నిప్పుల గుండమూ జనమూ మాత్రమే అయి ఉంటుంది.

అక్కడెక్కడో జరిగింది మన పల్లెకు ఎలా వచ్చిందని అడుగుతాడు, అదీ చెప్పు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు ముస్లింలలో షియా శాఖవాళ్లు, హుస్సేన్ కోసం శోకం పాటించేవాళ్లు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే 1590ల్లో పాతబస్తీలో, మొహర్రం శోకం పాటించే చోటైన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించాడు, మీరు ఉండేది హైదరాబాదులోనే కాబట్టి ఒక ఆదివారం వాడిని తీసుకెళ్లి చూపించు, గోడల మీద రంగురంగుల పలకల పని ఇప్పటికీ ఉంది. దక్కన్‌లో అలా బలపడిన ఆచారం పల్లెల్లోకి వచ్చేసరికి ఊరి పండగైపోయింది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలో పీర్లను నిలబెడతారు. మా కర్నూలు వైపు నేను చూసిన పల్లెలో పీరును ఎత్తుకునేది బోయాయన, గుండానికి కట్టెలు రెడ్ల ఇంటినుంచి, తప్పెట కొట్టేది మాదిగ పెద్దాయన, ఫాతెహా (ఖురాన్ ప్రార్థన) చదవడానికి మాత్రం పక్కూరి నుంచి సాయెబు వచ్చేవాడు. ఎవరి పని వాళ్లకు తాతల నుంచి వచ్చింది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్లలో మతం ఎవరూ అడగరు. కడపలో ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికి వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, వేంకటేశ్వరస్వామి తమ అల్లుడు అని. ఇవన్నీ మీ బాబు బస్సెక్కి వెళ్లి చూడగలిగినవే.

"మనం ఎవరం?" అంటే తడుముకోకుండా చెప్పు. మనం హిందువులం. మీ తాతవాళ్ల ఊళ్లో హిందువులు తరతరాలుగా పీర్లకు కూడా మొక్కుతారు. మీ నాన్నవాళ్ల వైపు ఆ ఆచారం లేదు. నువ్వు పెద్దయ్యాక నీకు ఏది సరి అనిపిస్తే అది చేసుకో. ఇంతే. పండక్కి తీసుకెళ్తే మాత్రం గుండం దగ్గరికి పోనివ్వకు, తోటి పిల్లలు దూకుతున్నారని వీడూ దూకుతానంటాడు ఆ వయసులో. ఎన్ని తరాలుగా నడుస్తున్నా నిప్పు నిప్పే, ఏటా ఎక్కడో ఒకచోట కాళ్లు కాలిన వార్త చూస్తూనే ఉంటాం.

ఆఫీసులో అమ్మాయి చెప్పింది నువ్వు మనసుకు తీసుకోవద్దు. ఆమె నిన్ను తక్కువ చేయలేదు, తన మతంలో తను నేర్చుకున్నది చెప్పింది. దేవుడు ఒక్కడే, మొక్కితే ఆయనకే మొక్కాలి అన్నది ఇస్లాంకు మూలం, పీర్లను నిలబెట్టడం దానికి విరుద్ధమని చెప్పే ముస్లింలు చాలామంది ఉన్నారు, ఆ మాట ఈమధ్య పుట్టింది కూడా కాదు. పల్లెల్లో ముజావర్లుగా, అంటే పీర్లనూ దర్గాలనూ చూసుకునేవాళ్లుగా, ఉన్న కుటుంబాల్లోనే కొత్తతరం పిల్లలు కొందరు ఇది మానేశారు. నువ్వు ఆమెతో "అసలు ఇస్లాం ఇదే" అని వాదించబోకు, ఆమె మతం గురించి ఆమెకు పాఠం చెప్పే అధికారం మనకు లేదు. మా ఊళ్లో ఇలా చేస్తారు, మా నాన్న చేశాడు, అంతవరకు చెప్పుకోవచ్చు. ఈ పండగ ఇటు శాస్త్రంలోనూ దొరకదు, అటు శాస్త్రంలోనూ దొరకదు. దొరకనంత మాత్రాన మీ నాన్న చేసింది అబద్ధమైపోదు.

బావగారి సంగతి కాస్త కష్టమే. ఆయన ఏటా అయ్యప్పమాల వేస్తారని రాశావు. అయితే శబరిమల పోతూ ఎరుమేలిలో పేటతుళ్లి ఆడి, అయ్యప్ప ముస్లిం స్నేహితుడు వావరుస్వామి మసీదుకు దణ్ణం పెట్టే ఉంటారు. ఈ మాట నీకు ఇప్పటికే తట్టి ఉంటుంది, ఎప్పుడు అందామా అని కూడా చూస్తూ ఉంటావు. అనొద్దు. నలుగురిలో అంటే ఆయన తల దించుకోవాల్సి వస్తుంది, ఆ తర్వాత మీ ఇంట్లో ప్రతి పండగా ఒక పంచాయితీ అవుతుంది. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, ఆయన దీక్షను నువ్వు ఎంత గౌరవిస్తావో ముందు చెప్పి, ఆ తర్వాత ఇలా చెప్పు: "బావగారూ, ఇది మా పుట్టింటి ఆచారం. మీ ఇంటి పూజల్లో వ్రతాల్లో నేను ఏదీ తక్కువ చేయలేదు. మా నాన్న పోయి ఏడాదే అయింది, ఆయన చేసినదాన్ని నా ముందు తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంది." ఆయన ఒప్పుకోకపోవచ్చు, ఒప్పించాల్సిన పని నీకు లేదు. ఇకముందు నీ ముందు అనకుండా ఉంటే చాలు. అత్తగారింటి పూజగదిలో కుళ్లాయిస్వామి పటం పెట్టాలని మాత్రం పట్టుబట్టకు, అది వాళ్ల ఇల్లు, వాళ్లకూ వాళ్ల ఆచారం ఉంది. మీ అమ్మ ఇంట్లో ఆ పటం ఉన్నచోట ఉండనీ.

మీ ఆయన్ను నమ్మమని అడగొద్దు, నీతో రమ్మని కూడా అడగొద్దు, రావాలనిపిస్తే ఆయనే వస్తారు. ఒక్కటి మాత్రం గట్టిగా అడుగు. చనిపోయిన మామగారి గురించి తన అన్న నలుగురిలో మాట తూలినప్పుడు నోరు విప్పాలి. "గొడవ వద్దు" అని ఊరుకుంటే ఆ గొడవంతా నీ ఒక్కదాని నెత్తిన పడుతోంది, ఆయనకు అది తెలిసి ఉండకపోవచ్చు, తెలియజెప్పు.

పేరు మార్చుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నేను "నీ ఇష్టం" అనలేను, క్షమించు. మన దగ్గర మస్తానమ్మలున్నారు, హుస్సేనప్పలున్నారు, ఫకీరప్పలున్నారు, నల్లగొండ, సూర్యాపేట వైపు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి పెట్టుకున్న సైదులు, సైదమ్మలు ఇంటింటికీ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నీలాగే ఏ తల్లో ఏ జేజో బిడ్డ బతకాలని ఏడ్చి పెట్టుకున్న పేర్లు. సర్టిఫికెట్లలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో మార్పించుకుంటూ తిరగడం ఎంత తలనొప్పో అది వేరే విషయం. ఆ తలనొప్పి లేకపోయినా నేను వద్దనే అంటాను. ఎవరో ఒకాయనకు వినడానికి ఇబ్బందిగా ఉందని, నువ్వు బతికినందుకు పెట్టిన పేరు నువ్వే కొట్టేయడం ఏం న్యాయం?

ఇంకొకటి, ఇది నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. నాన్న ఫకీరు దారంతో ఉన్న ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి మతసామరస్యం గురించి రాద్దామనుకుంటున్నానని రాశావు. కొన్నాళ్లు ఆగు. నీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఫోటో కింద రెండు వైపుల నుంచీ వచ్చే కామెంట్లు ఎలా ఉంటాయో నీకూ తెలుసు, నాన్న పోయిన ఏడాదిలోనే ఆయన మొహం కింద అవన్నీ చదివే శక్తి నీకు ఇప్పుడు లేదు. పైగా మీ నాన్న దేన్నీ నిరూపించడానికి అక్కడికి పోలేదు. ఆ ఫోటో ప్రింటు వేయించి అమ్మకు ఇవ్వు.

చివరగా అమ్మ దిగులు. మైల ఏడాదిలో పండగలు చేయకపోవడం మన ఆచారమే కదా, వేంకటేశ్వరస్వామికైనా ఆ ఏడాది కొండకు పోము. మరి ఆ ఏడు కుళ్లాయిస్వామి దగ్గరికి పోకపోతే అది బాకీ ఎలా అవుతుంది? అమ్మకు ఈ మాట నువ్వు చెబితే కొట్టిపారేస్తుంది, గూగూడులో పూజచేసే పెద్దమనిషితో చెప్పించు, ఆయన మాట వింటుంది. సంవత్సరీకం అయిపోయాక, పండగ లేని ఏదో ఒక మామూలు రోజు అమ్మను తీసుకుని వెళ్లు. ఆమెకు మోకాళ్ల నొప్పులన్నావు, పీర్లను ఊరేగించే సరిగెత్తు రోజుల్లో ఆ తోపులాటలో ఆమె నిలబడలేదు. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఇప్పుడు జూన్, జూలైల్లో, సరిగ్గా స్కూళ్లు తెరిచే రోజుల్లో పడుతోంది, బాబుకు సెలవు దొరకని ఏడు వాడిని లాక్కెళ్లకు. వచ్చే ఏడాది వాడికి టెన్త్ పరీక్షలు కూడా. మీ తమ్ముడు పుణె నుంచి వస్తానంటే ఇద్దరూ మాట్లాడుకుని ఒక ఏడు నువ్వు, ఒక ఏడు వాడు వెళ్లేలా చూసుకోండి. ఎవరికీ కుదరని ఏడు అమ్మ పేరు మీద చక్కెర చదివించమని ఊళ్లో మీ చిన్నాన్నకు డబ్బులు పంపితే సరిపోతుంది, ఆయన ఎలాగూ వెళ్తాడని రాశావు కదా.